విశ్వకవి ఇళ్ళు – మన గదులు



మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాయమని సంపాదకులు అడిగారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నోట్ ఫైళ్ళు, డ్రాఫ్టులు రాశానే తప్ప వ్యాసాలు రాసినవాణ్ణి కాను. అందుకని తప్పులుంటే మన్నించండి. నేను ఎంచుకున్నది విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్. ఆయన గురించి తెలియనిదెవరికి, మళ్ళీ రాయడం దేనికి అని మీరు అనుకోవచ్చు. ఆయన కవిత్వాన్ని గురించి చెప్పే శక్తి నాకు లేదు. ఆయన ఏయే ఇళ్ళలో, ఏయే గదుల్లో బతికారో, ఆ గదుల్లో ఆయన మనసు ఎలా ఉండేదో నాకు తెలిసినంతవరకు చెబుతాను. ఈ సంగతి మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చివర మనవి చేసుకుంటాను.

సుద్దముక్క గీత

రవీంద్రులు 1861 మే 7వ తేదీన కలకత్తాలోని జోరాసాంకో భవనంలో పుట్టారు. తండ్రి మహర్షి దేవేంద్రనాథ్, తల్లి శారదాదేవి. తాత ద్వారకానాథ్ అపర కుబేరుడిగా పేరు పొందినవాడు. పద్నాలుగో సంతానం ఈయన. ఇల్లు చూస్తే రాజప్రాసాదం, మెట్ల మీద మెట్లు, వసారాల మీద వసారాలు. ఆ పసివాడికి అందులో దక్కినది మాత్రం నౌకర్లుండే భాగంలో ఒక గది, ఒక కిటికీ.

పిల్లల పెంపకం అంతా నౌకర్ల చేతిలో ఉండేది. శ్యామ్ అనే నౌకరు తన పని తప్పించుకోవడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. పిల్లవాణ్ణి గదిలో ఒకచోట కూర్చోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, దాటితే ప్రమాదమని వేలు చూపించి వెళ్ళిపోయేవాడు. సీతమ్మ లక్ష్మణరేఖ దాటి పడిన కష్టాలు పిల్లవాడికి తెలుసు. అందుకని కదిలేవాడు కాదు. అదృష్టవశాత్తు ఆ గీతకు దగ్గరలోనే కిటికీ ఉంది. కిటికీ కింద ఒక చెరువు, గట్టున ఒక పెద్ద మర్రిచెట్టు. ఎవరు ఏ వేళకు స్నానానికి వస్తారు, ఎవరు ముక్కు మూసుకుని మునుగుతారు, ఎవరు మంత్రాలు చదువుకుంటూ దిగుతారు, ఇవన్నీ ఆ పిల్లవాడు రోజంతా బొమ్మల పుస్తకంలా చూస్తూ గడిపేవాడు. పెద్దయ్యాక తన జ్ఞాపకాల్లో ఈ సంగతి ఎంతో ఇష్టంగా రాసుకున్నారు.

ఇల్లు ఎంత పెద్దదైనా మనిషికి కావలసిన జాగా కొంచెమే. ఆ కొంచెం చుట్టూ ఎవరో గీత గీస్తే మేడ కూడా జైలే. ఒక్క కిటికీ ఉంటే అందులోనే బతకడానికి దారి దొరుకుతుంది. ఈ రెండు ముక్కలు దయచేసి గుర్తుంచుకోండి, మళ్ళీ వాటి దగ్గరికే వస్తాను.

1873లో ఉపనయనం అయ్యాక తండ్రి ఆయన్ను వెంటబెట్టుకుని ప్రయాణం కట్టారు. మొదటి మజిలీ బోల్‌పూర్ దగ్గర శాంతినికేతనం. దేవేంద్రనాథ్ 1863లో అక్కడ ఇరవై బిఘాల నేల శాశ్వత కౌలుకు తీసుకుని, ధ్యానం కోసం ఒక ఇల్లు కట్టుకున్నారు. చుట్టూ ఎర్రమట్టి, వానకు కోసుకుపోయిన గండ్లు, పొడవాటి తాళ్ళు. తండ్రి అక్కడ పిల్లవాణ్ణి ఇష్టం వచ్చినట్టు తిరగనిచ్చారు. రాళ్ళు ఏరుకొస్తే మెచ్చుకున్నారు. పైగా డబ్బుల పెట్టె అప్పగించారు, తన బంగారు గడియారానికి రోజూ కీ ఇచ్చే బాధ్యత కూడా ఇచ్చారు. సుద్దగీతలో కూర్చున్న పిల్లవాడికి ఆరుబయలు దొరికింది, నమ్మకం దొరికింది. తరువాతి జీవితమంతా ఆయన ఆ నేలకే తిరిగి రావడం చూస్తే, అసలైన ఇల్లు ఏదో ఆ వయసులోనే మనసులో ఖాయం చేసుకున్నట్టు నాకు అనిపిస్తుంది.

ఆరుబయట పక్క

1875లో తల్లి పోయింది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ లోటు తీర్చినది అన్న జ్యోతిరింద్రనాథ్ భార్య కాదంబరీదేవి. వయసులో ఈయనకంటే రెండేళ్ళే పెద్ద. మేడ మీద డాబాను పూలకుండీలతో తోటగా మార్చింది ఆమే. సాయంత్రాలు అక్కడ పాటలు, చదువు, కబుర్లు. ఆయన రాసిన పద్యాలకు మొదటి శ్రోత, మొదటి విమర్శకురాలు ఆమె.

1883 డిసెంబరులో రవీంద్రులకు మృణాళినీదేవితో పెళ్ళయింది. నాలుగు నెలలకు, 1884 ఏప్రిల్‌లో, కాదంబరీదేవి తన ప్రాణం తానే తీసుకుంది. ఇరవై మూడు నిండని యువకుడికి అది తట్టుకోలేని దెబ్బ. ఆ తరువాత కొంతకాలం ఆయన తీరే మారిపోయిందట. బట్టల మీద శ్రద్ధ లేదు. ఒంటి మీద ఒక ముతక దుప్పటి, కాళ్ళకు చెప్పులు, అదే వేషంతో దొరల పుస్తకాల షాపుకు కూడా వెళ్ళేవారు. గదిలో పడుకోలేకపోయేవారు. మూడో అంతస్తు వసారాలో, వాన వచ్చినా చలి వేసినా, ఆరుబయటే పక్క వేసుకునేవారు.

ఈ సంగతి చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మనిషి పోయాక ఇంట్లో గోడలు మీద పడుతున్నట్టు ఉంటాయని, మంచం ఉన్న గదిలోకి అడుగు పెట్టలేమని, అనుభవించినవారికి తెలుసు. ఇంటిల్లిపాదికీ పిచ్చిగా కనిపించే ఆ పని ఆయనకు అప్పుడు ఊపిరి నిలబెట్టిన పని అయి ఉంటుంది.

పడవ మీద కాపురం

1890 ప్రాంతంలో తండ్రి ఆయనకు తూర్పు బెంగాల్‌లోని ఎస్టేట్ల అజమాయిషీ అప్పగించారు. షెలైదా, షాజాద్‌పూర్, పతిసర్. ఇవన్నీ ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే పట్నం మనిషికి మారుమూలకు ట్రాన్స్‌ఫర్. షెలైదాలో కచేరీ భవనం ఉన్నా, ఆయన మనసు పడింది ‘పద్మ’ అనే ఇంటి పడవ మీద. నది పేరే పడవకూ పెట్టారు. ఆ పడవ గదిలో బల్ల, కాగితాలు, రెండు పక్కలా కిటికీలు. కిటికీలోంచి ఊళ్ళు కదిలిపోతూ ఉంటాయి. చిన్ననాటి చెరువు కిటికీయే పెద్దదై నదిలోకి వచ్చినట్టు!

ఆ రోజుల్లో అన్న కూతురు ఇందిరాదేవికి రాసిన ఉత్తరాలు చదివితే, అంతగా తేటపడిన మనసు ఆయన జీవితంలో మరెప్పుడూ లేదేమో అనిపిస్తుంది. రైతుల కష్టాలు దగ్గరగా చూసి కథలు రాశారు. షాజాద్‌పూర్‌లో వారి కచేరీ భవనం కింది భాగంలోనే పోస్టాఫీసు ఉండేది. ఆ పోస్టుమాస్టరు పైకి వచ్చి కబుర్లు చెప్పేవాడు. 1891 నాటి ‘పోస్టుమాస్టర్’ కథకు ప్రేరణ ఆ పరిచయమే. పరాయి ఊళ్ళో, తనది కాని గదిలో, వంట మనిషి కూడా లేని చిరుద్యోగి ఒంటరితనం ఎలా ఉంటుందో మనలో ఎంతమందికి తెలియదు? జమీందారు బిడ్డకు అది తెలియడం విశేషం.

గడప లాంటి ఇల్లు

1901లో కుటుంబంతో శాంతినికేతనం చేరి, డిసెంబరు 22న ఐదుగురు విద్యార్థులతో బ్రహ్మచర్యాశ్రమం ప్రారంభించారు. చెట్ల కింద పాఠాలు. నాలుగు గోడల బడిని చిన్నప్పుడే వదిలేసిన మనిషి బడి పెడితే అలాగే ఉంటుంది మరి. డబ్బు చాలక భార్య తన నగలు కూడా ఇచ్చింది.

ఏడాది తిరగలేదు. 1902 నవంబరులో మృణాళినీదేవి కన్నుమూశారు. ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. 1903లో రెండో కూతురు రేణుక, 1905లో తండ్రి, 1907లో చిన్న కొడుకు శమీంద్ర. ఆ బాబుకు పదకొండేళ్ళు నిండలేదు, కలరా తీసుకుపోయింది. ఐదేళ్ళలో నాలుగు చావులు.

ఈ కాలంలో ఆయన ఉన్న ఇల్లు పేరు దేహళి, అంటే గడప. 1904లో కట్టినది. కింద కొంచెం, పైన ఒక చిన్న గది, అంతే. పక్కనే పిల్లల కోసం గడ్డి కప్పిన ఇల్లు. జోరాసాంకో మేడలో పుట్టినవాడు ఇంత చిన్న గది ఎందుకు కోరుకున్నాడు? పెద్ద దుఃఖంలో పెద్ద ఇల్లు మోయలేమేమో! చిన్న గది అయితే ఊడ్చుకోవచ్చు, సర్దుకోవచ్చు, అన్నీ కంటికి ఆనుతాయి. అక్కడినుంచి చూస్తే బడి పిల్లలు కనిపిస్తారు. ఆయన రాతపని ఆగలేదు, బడి ఆగలేదు.

అలాగని చిన్న గది అన్నిటికీ మందు అని నేననడం లేదు. 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచమంతా దండలు వేసింది. మరుసటి ఏడు, 1914లో, ఆయన్ను తీవ్రమైన దిగులు కమ్ముకుంది. చావు ఆలోచనలు వెంటాడుతున్నాయని కొడుకు రథీంద్రనాథ్‌కు ఉత్తరం రాసుకున్నారు. అంత గొప్పవాడు ఆ మాట కొడుకుతో చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు. మనం మాత్రం పిల్లలకు చెప్పడానికి నామోషీ పడతాం.

ఇక్కడ మన ప్రాంతపు ముచ్చట ఒకటి చెప్పాలి. 1919లో దక్షిణ దేశ పర్యటనలో ఆయన అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో బెసెంట్ థియసాఫికల్ కళాశాలలో కొన్ని రోజులు విశ్రాంతి తీసుకున్నారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆతిథ్యం. జనగణమన గీతాన్ని ఆయన ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడే, ఫిబ్రవరి 28న. కజిన్స్ గారి భార్య మార్గరెట్ స్వరం రాశారు. మన రాయప్రోలు సుబ్బారావు గారు, తరువాత ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి గారు శాంతినికేతనానికి వెళ్ళి వచ్చినవారే.

ఉత్తరాయణంలో ఐదు ఇళ్ళు

1919 తరువాత ఆయన ఆశ్రమానికి ఉత్తరాన ఉన్న బీడు నేలకు మకాం మార్చారు. దానికి ఉత్తరాయణం అని పేరు. అక్కడ ఒకదాని తరువాత ఒకటిగా ఐదు ఇళ్ళు లేచాయి.

మొదటిది కోణార్క్. గడ్డి కప్పిన మట్టి ఇల్లుగా మొదలై తరువాత పక్కా ఇల్లు అయింది. గదుల నేలలు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో ఉంటాయి. రెండవది ఉదయన్. అన్నిటికంటే పెద్దది, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పెరిగింది. అతిథులకు, కుటుంబానికి, సంగీత నాటకాలకు అదే నిలయం.

మూడవది శ్యామలి. 1935లో తన పుట్టినరోజున గృహప్రవేశం చేశారు. గోడలే కాదు, పైకప్పు కూడా మట్టే. సురేంద్రనాథ్ కర్ ప్లాను. వేడి తగ్గడానికి మట్టి కుండలు పేర్చారు. నందలాల్ బోస్, శిష్యులు కలిసి గోడల మీద బొమ్మలు దిద్దారు. రాంకింకర్ బైజ్ చేసిన బొమ్మలు కూడా ఉన్నాయి. పేదవాడికి అగ్గికి భయపడని చవక ఇల్లు ఎలా కట్టాలో చూపించాలని కూడా ఆయన కోరిక. ఇదే తన చివరి ఇల్లు, మట్టిలో కలిసేలోపు మట్టి ఇంట్లో ఉంటానన్న భావంతో ఒక కవిత కూడా రాశారు. 1940 ఫిబ్రవరిలో గాంధీజీ, కస్తూర్బా వచ్చినప్పుడు బస చేసింది ఈ శ్యామలిలోనే.

చివరి ఇల్లని కవిత రాశారు కదా, అందులో ఎన్నాళ్ళున్నారు? రెండేళ్ళు కూడా లేరు. 1936లో నాలుగో ఇల్లు. దాని పేరు పునశ్చ! ఉత్తరం ముగించి సంతకం చేశాక, మరచిపోయిన మాట గుర్తొస్తే కింద రాస్తామే, ఆ పునశ్చ. జీవితమంతా ఉత్తరాలు రాసినవాడికే తట్టే పేరు. 1939లో ఐదో ఇల్లు ఉదీచి. స్తంభాల మీద ఒక గది, నాలుగు పక్కలా కిటికీలు. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో!

ఇంట్లోవాళ్ళకు ఇది చాదస్తంగా కనిపించకుండా ఉంటుందా? కొడుకు రథీంద్రనాథ్, కోడలు ప్రతిమాదేవి ఎంత ఓపికపట్టారో! పెద్దాయన ఈ ఇంట్లో కుదురుకున్నారు అనుకునేలోపు ఇంకో ఇంటికి పునాది. కానీ ఆ ఐదు ఇళ్ళూ ఒకసారి వరసగా చూస్తే నాకొకటి అర్థమైంది. ఆయన మారినప్పుడల్లా గది మారింది. అరవై దాటాక ఆయన బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. రాతప్రతిలో కొట్టివేతలను ఆకారాలుగా మలుస్తూ మొదలైన ఆ పని 1930లో పారిస్‌లో ప్రదర్శన దాకా వెళ్ళింది. అరవై దాటితే ఇక కొత్తదేమీ ఉండదు, ఉన్నచోట పడి ఉండాలి అనే నియమాన్ని ఆయన ఒప్పుకోలేదు. చిన్నప్పటి సుద్దగీతను మళ్ళీ ఎవరూ గీయకుండా చూసుకున్నారు.

ఐదు ఇళ్ళలోనూ మారనివి కొన్ని ఉన్నాయి. రాసుకునే బల్ల, వెలుతురు, కిటికీ, కిటికీలోంచి ఒక చెట్టు.

తిరిగి పుట్టిన ఇంటికే

1937 సెప్టెంబరులో ఉన్నట్టుండి స్పృహ తప్పి రెండు రోజులకు పైగా మృత్యుముఖంలో ఉన్నారు. 1940లో కాలింపాంగ్‌లో మళ్ళీ జబ్బుపడ్డారు. ఆ తరువాత శాంతినికేతనంలో ఉదయన్‌లో మంచం మీదే ఎక్కువ కాలం. చేయి సాగకపోతే చెప్పి రాయించేవారు. ఆపరేషన్ తప్పదని డాక్టర్లు నిర్ణయించారు. ఆయనకు ఇష్టం లేదు. 1941 జూలై 25న శాంతినికేతనం విడిచారు. జూలై 30న జోరాసాంకో ఇంట్లోనే ఆపరేషన్ జరిగింది. ఆ ఉదయమే తన చివరి కవిత చెప్పి రాయించారు. ఆగస్టు 7 మధ్యాహ్నం, పుట్టిన ఇంట్లోనే, మేడ మీది గదిలో కన్నుమూశారు. ఎనభై ఏళ్ళ మూడు నెలల జీవితం. ఇన్ని ఇళ్ళు కట్టుకున్నా కోరుకున్న చోట పోవడం మాత్రం ఆయన చేతిలో లేకపోయింది. ఈ మాట రాస్తుంటే నాకు బాధగానే ఉంది.

శాంతినికేతనాన్ని 2023 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

నా సూట్‌కేసు

ఇక నా సంగతి. రిటైరైన రోజున క్వార్టర్స్ ఖాళీ చేసి సొంత ఊళ్ళో చిన్న ఇల్లు కట్టుకున్నాం. 2016లో నా భార్య పోయింది. ఒంటరిగా ఎందుకని మా అబ్బాయి హైదరాబాదు తీసుకొచ్చాడు. డబుల్ బెడ్‌రూం ఫ్లాటు. ఒకటి వాళ్ళది, ఒకటి పిల్లలది. హాల్లో ఒక వార నాకు దీవాన్. ఎవరి తప్పూ లేదు, ఉన్న జాగా అంతే. నా చెక్క బల్ల, మడత కుర్చీ, బీరువా ఊళ్ళోనే అమ్మేశాం.

కోడలు మంచి పిల్ల. వేళకు కాఫీ, టిఫిను, మందులు. అయినా నేను రోజురోజుకూ మాట తగ్గించేశాను. పేపరు చదవడం మానేశాను. హాల్లోకి ఎవరైనా వస్తే లేచి ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. టీవీ ఆపేదాకా నిద్ర లేదు. ఊరినుంచి తెచ్చిన సూట్‌కేసు దీవాన్ కిందే ఉంది. దాన్ని ఏడాదిన్నర దాకా విప్పలేదు! కావలసిన నాలుగు జతలు పైనుంచి లాక్కుని మళ్ళీ మూసేవాణ్ణి. రేపు రైలెక్కేవాడిలా ఉన్నానన్నమాట. ఎక్కడికో నాకే తెలియదు. చివరికి కోడలే గమనించి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆయన మందులు రాశారు. అవి పనిచేశాయి, వాటి విలువ నేను తగ్గించను.

2019 జనవరిలో మన సంఘం మిత్రులతో కాశీ, గయ, కలకత్తా యాత్రకు వెళ్ళాను. హౌరాలో పొద్దున్న రైలెక్కి బోల్‌పూర్‌లో దిగి, బ్యాటరీ రిక్షా మాట్లాడుకుని ఉత్తరాయణం చేరాం. ఇళ్ళన్నీ బయటినుంచే చూశాం. గైడు వరసగా పేర్లు చెప్పుకుపోతున్నాడు. పునశ్చ దగ్గర ఆ పేరుకు అర్థం చెప్పగానే నేను ఆగిపోయాను. మిత్రులు ముందుకు వెళ్ళిపోయారు. శ్యామలిలో ముగించాననుకున్న మనిషి మళ్ళీ పునశ్చ అని ఎందుకు మొదలుపెట్టాడు? నేనెందుకు ఏడాదిన్నరగా సంతకం పెట్టేసి కూర్చున్నాను?

ఇంటికి వచ్చిన మర్నాడు సూట్‌కేసు విప్పాను. అడుగున మా ఆవిడ కుంకుమ భరిణె, ఆమె చేత్తో పద్దులు రాసిన డైరీ ఉన్నాయి. ఇంతకాలం దాన్ని ఎందుకు విప్పలేదో అప్పుడు తెలిసింది. కాసేపు ఏడ్చాను. ఆ సాయంత్రం అబ్బాయితో, నాకొక బల్ల కావాలని మొదటిసారి నోరు తెరిచి అడిగాను. వాడు తెల్లబోయాడు. నాకేమీ అక్కర్లేదని నేనే ప్రతిసారీ అంటూ వచ్చానట. నిజమే. నా చుట్టూ సుద్దగీత గీసుకున్నది సగం నేనే.

బట్టలారేసే బాల్కనీకి అద్దాలు బిగించారు. పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు నాలుగు. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు ఒక అర. అరలో ఆ డైరీ, భరిణె, నా సర్వీసు రోజుల ఫొటో ఒకటి. ఎదురుగా పక్క అపార్టుమెంటు గోడ, దాని పక్కనుంచి కొంచెం వేపచెట్టు. బట్టలు ఇప్పుడు డాబా మీద ఆరేస్తున్నారు. కోడలికి అదొక ఇబ్బందే, అయినా మాట అనలేదు. కథ విని మా మనవడు అట్టముక్క మీద ‘పునశ్చ’ అని రాసి తలుపుకు అంటించాడు. ఈ వ్యాసం అక్కడే కూర్చుని రాస్తున్నాను.

రెండు మనవులు

కుటుంబ సభ్యులకు ఒక మనవి. ఇంట్లో పెద్దవాళ్ళకు వేరే గది ఇవ్వలేకపోవచ్చు. ఒక మూల ఇవ్వండి. ఆ మూల వాళ్ళదే అని ఇంట్లో అందరికీ తెలియాలి. అక్కడి వస్తువులు వాళ్ళను అడక్కుండా సర్దవద్దు, పాతవని పారేయవద్దు. చినిగిన ఆ పంచాంగం, సొట్టపడిన ఆ గ్లాసు వాళ్ళకు ఒక మనిషి గుర్తు కావచ్చు. వీలైతే ఆ మూలకు ఒక కిటికీ ఉండేలా చూడండి. పెద్దవాళ్ళు మూల పట్టి, మాట మానేసి, తమ వస్తువులు కూడా ముట్టుకోకుండా ఉంటే, వయసు మీద పడింది అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

నా తోటి పెన్షనర్లకు రెండో మనవి. రవీంద్రుల మాదిరి ఐదు ఇళ్ళు కట్టుకునే ఎస్టేటు మనకెవరికీ లేదు. డి.ఎ. బకాయిల కోసం ఎదురుచూసేవాళ్ళం. కానీ కుర్చీని కిటికీ వైపు తిప్పుకోవడానికి ఏ శాంక్షనూ అక్కర్లేదు. కావలసినది నోరు తెరిచి అడగండి. అడక్కుండా లోపల మథనపడి, పిల్లలు పట్టించుకోవడం లేదని ఇక్కడ మీటింగులో చెప్పుకుంటే లాభం లేదు.

ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి బతికే ఉన్నామని ప్రభుత్వానికి రుజువు చేసుకుంటాం. మన గదికి కూడా అప్పుడప్పుడు ఆ రుజువు చూపించాలి. మీలో ఎవరి దీవాన్ కింద అయినా విప్పని సూట్‌కేసు ఉంటే ఈ ఆదివారం విప్పండి. ఒక్కరే విప్పవద్దు, మనవణ్ణో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకోండి. నేను ఒక్కడినే విప్పాను, అది కొంచెం కష్టమైంది.